సొంత కథ ఎందులో చెప్పుకోవాలి? దాపరికం ప్రకారం ఒక పోలిక

మీ కథ మీరే చెప్పుకోవాలని నిర్ణయానికి వచ్చేశారు. మంచిది. "చెప్పమని ఎవరైనా అడిగారా?" అన్న ప్రశ్న ఈ దశలో అనవసరం. అడిగితేనే చెప్పాలన్న నియమం ఉండుంటే గ్రంథాలయాల్లో బీరువాలు సగం ఖాళీగా ఉండేవి. పైగా ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. మనుషులు మాట్లాడే మాటల్లో 30 నుంచి 40 శాతం దాకా తమ గురించీ, తమ అనుభవాల గురించీ సాగేవేనని పరిశోధకుల లెక్క. 2012లో హార్వర్డ్ పరిశోధకులు డయానా తామిర్, జేసన్ మిచెల్ ఇంకో అడుగు ముందుకు వేసి చూశారు. తమ గురించి చెప్పుకునే అవకాశం కోసం చేతికి రాబోయే డబ్బులో కొంత వదులుకోవడానికి కూడా జనం సిద్ధపడ్డారు. సొంత డబ్బా ఉచితంగా కొట్టుకుంటామని ఇన్నాళ్లూ అనుకున్నాం; ఎదురు డబ్బులిచ్చి మరీ కొట్టుకుంటామట.

కాబట్టి చెప్పాలా వద్దా అన్న చర్చ లేదు. ఎందులో చెప్పాలన్నదే ప్రశ్న. ఆత్మకథా, డైరీయా, నవలా, కవిత్వమా, ఫోన్లో పోస్టులా? దీని మీద దొరికే సలహాలన్నీ ఒకటే పాట పాడతాయి: నిజాయితీగా ఉండండి, మనసు విప్పండి, మీ గొంతు మీరు వెతుక్కోండి. గొంతు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. నిజాయితీ సంగతి తర్వాత చూద్దాం. సొంత కథ చెప్పుకునేవాడి అసలు అవసరం వేరు. వాడు చెప్పేదెంతో దాచేదీ అంతే, ఒక్కోసారి అంతకు రెట్టింపు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు తెలిసినవాళ్లు ముందు అటక ఎంతుందో చూస్తారు, హాలు తర్వాత. ఇక్కడా అంతే. ఏ రూపంలో దాచుకోవడానికి ఎంత చోటుందో తెలిస్తే ఎంపిక చిటికెలో తేలిపోతుంది.

దాంతోపాటు ఇంకో మూడు కూడా చూస్తాను: ఎవరికి కోపం వస్తుంది, ఎంత కష్టపడాలి, చివరికి చదివేదెవరు. కానీ తీర్పు మాత్రం అటకను బట్టే.

ఆత్మకథ: పరువైన దారి

దీనికున్న గౌరవం మరి దేనికీ లేదు. వాక్యానికో "నేను" ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. దాచుకునే చోటు కూడా ఇందులో బ్రహ్మాండంగా ఉంటుంది. కారణం తేలికే. "ఉన్నదున్నట్టు చెబుతున్నాను" అని మొదటి పేజీలోనే ప్రకటించేస్తారు కదా, ఆ మాటతో చదివేవాడి అనుమానం సగం చస్తుంది. మిగతా సగాన్ని రెండో అధ్యాయంలో ఒక చిన్న తప్పు ఒప్పుకుని చంపేయవచ్చు.

ఈ విద్యలో అందరికీ గురువు పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత రూసో. తన ఆత్మకథ "కన్ఫెషన్స్"ను, ఇలాంటి పనికి ఇంతకుముందు ఎవరూ పూనుకోలేదు, ఇకమీదట తనను అనుకరించేవాళ్లూ ఉండరు అంటూ మొదలుపెట్టాడు. (రెండో జోస్యం ఎంత ఘోరంగా తప్పిందో చెప్పక్కర్లేదు.) కుర్రతనంలో పనికి కుదిరిన ఇంట్లో ఒక రిబ్బను దొంగిలించి, ఆ నేరాన్ని అమాయకురాలైన పనిపిల్ల మీదికి నెట్టిన సంగతి గుండెలు బాదుకుంటూ చెప్పుకున్నాడు. తనకు పుట్టిన అయిదుగురు పిల్లల్ని అనాథాశ్రమానికి అప్పగించిన సంగతి దగ్గరికి వచ్చేసరికి స్వరం మారిపోతుంది. అక్కడ కన్నీళ్ల కంటే కారణాలు ఎక్కువ. పద్ధతి గమనించండి. చిన్న తప్పును పెద్ద గొంతుతో ఒప్పుకోవాలి, పెద్ద తప్పును అప్పటి పరిస్థితులతో సహా వివరించాలి. పాఠకుడు రిబ్బను దగ్గరే కళ్లు తుడుచుకుంటూ ఉండిపోతాడు.

కోపాల విషయంలోనూ ఆయన అనుభవం పనికొస్తుంది. బతికుండగా ఆ పుస్తకంలోని భాగాలు కొందరిని కూర్చోబెట్టి చదివి వినిపించాడు. తన గురించి ఏం రాశాడోనని హడలిపోయిన పాత స్నేహితురాలు మదామ్ దెపినే పోలీసులకు చెప్పి ఆ చదువుళ్లు ఆపించేసింది. 1778లో రూసో పోయాడు, పుస్తకం మొదటి భాగం 1782లో, మిగతాది 1789లో వెలువడ్డాయి. నిలదీద్దామని వచ్చినవాళ్లకు రచయిత ఇంట్లో లేడు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ ఇదే సూత్రాన్ని ఇంకా సాగదీశాడు. సమాధిలోంచి మాట్లాడితే మొహమాటం ఉండదని చెప్పి, తన ఆత్మకథ పూర్తి పాఠం తను పోయిన నూరేళ్లకు గాని రాకూడదన్నాడు. పోయింది 1910లో. ముక్కలు ముక్కలుగా కొంత ముందే అచ్చయినా, ఆయన కోరిన రూపంలో మొదటి సంపుటం వచ్చింది 2010లో. ఈ పద్ధతి మీకు నచ్చితే ఒక్క ఇబ్బంది ఉంది. నూరేళ్ల తర్వాత మీరెవరో చెప్పే ముందుమాట పుస్తకం కంటే లావవుతుంది.

ఏ వయసులో రాయాలి? ఇటలీ శిల్పి చెల్లీని నలభై దాటాకే ఈ పనికి దిగాలన్నాడు. తను దిగింది 58 ఏళ్లకు. మన దేశంలో బనారసీదాసు అనే జైన వర్తకుడు 1641లో, 55వ ఏట తన కథను పద్యాల్లో రాసుకున్నాడు. మనిషికి నిండు ఆయుష్షు 110 ఏళ్లని లెక్కేసి, ఇది సగం కథ మాత్రమేనని పేరులోనే చెప్పాడు. ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు, సగమే మొత్తమైంది. కానీ ఆయన్ని ఈ పోలికలోకి తెచ్చింది ఆ ముచ్చట కోసం కాదు. వ్యాపారంలో ఎన్నిసార్లు దెబ్బతిన్నాడో దాచకుండా చెప్పి, చివర్లో తన గుణాలు ఇవీ, దోషాలు ఇవీ అని విడివిడిగా రాశాడు. మీరూ ఒక కాగితం మీద గీత గీసి ప్రయత్నించండి. ఈ రోజుల్లో దోషాల వరసలో మొదటిది "అందరినీ గుడ్డిగా నమ్మేయడం", రెండోది "ముక్కుసూటిగా మాట్లాడటం", మూడోది "పనిలో పడితే తిండీ నిద్రా మరిచిపోవడం". గుణాలకు కాగితం చాలక, కొన్ని ఇటువైపు వచ్చి పడినట్టుంటాయి.

ఇక కష్టం. ఆత్మకథకు కావలసింది జ్ఞాపకం, అది మన పక్షం మనిషి. మధ్యవయసు దాటినవాళ్లను గుర్తున్నవి చెప్పమంటే పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువ చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు తేల్చారు. ఆత్మకథల ఆకారం చూస్తే వాళ్ల పరిశోధన దండగ అనిపిస్తుంది. బాల్యానికి నూరు పేజీలు: వాన, బడి, కొట్టిన మాస్టారు, పోయిన చెప్పులు. మొదటి ఉద్యోగానికి యాభై. ఆ తర్వాత హఠాత్తుగా పాతికేళ్లు పదిహేను పేజీల్లో అయిపోతాయి. మిగిలిందంతా సన్మానాలు, సభలు, ఫలానావారితో దిగిన ఫోటోలు. మనిషి పెద్దవాడయ్యేకొద్దీ పుస్తకం పల్చబడుతుంది. ఆ పల్చబడ్డ చోటే అటక అని గుర్తుంచుకోండి. దాయాల్సినవన్నీ అక్కడ "అనేక ఒడిదొడుకుల మధ్య" అన్న మూడు మాటల్లో సర్దేయవచ్చు.

గుర్తున్నదైనా నిజమా అంటే అదీ భరోసా లేదు. 1986 జనవరిలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు ఉదయమే, ఆ వార్త మీకెలా తెలిసింది, అప్పుడెక్కడున్నారు అని ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ విద్యార్థుల చేత రాయించుకున్నారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. పదకొండు మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటీ పాత కాగితంతో కలవలేదు. అన్నీ కలిసింది ముగ్గురికి. కలవనివాళ్లలో చాలామంది తాము చెప్పింది నిజమేనని ధీమాగా ఉన్నారు, సొంత చేతిరాత తెచ్చి చూపించినా పాత సంగతి గుర్తుకు రాలేదు. అంటే ఆత్మకథలో మీరు అబద్ధం ఆడాల్సిన శ్రమ కూడా లేదు, చాలా భాగం జ్ఞాపకమే ఆడిపెడుతుంది. కావాలని ఆడదలిస్తే మాత్రం రికార్డులు దొరికే చోట ఆడకండి. 2003లో అమెరికాలో వచ్చి విపరీతంగా అమ్ముడైన ఒక జ్ఞాపకాల పుస్తకంలో రచయిత తను 87 రోజులు జైల్లో ఉన్నానని రాసుకున్నాడు. 2006లో ఆరా తీసినవాళ్లకు తేలింది కొన్ని గంటలు. ప్రచురణకర్త పాఠకులకు డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. మనసులోని బాధ ఎన్ని రోజులైనా పెంచుకోండి, పోలీస్ స్టేషన్లో గడిపిన రోజులు పెంచకండి.

డైరీ: తాళం వేసిన కిటికీ

డైరీ రాసేవాడికి ఎవరూ చదవకూడదన్న కోరిక ఉంటుంది. ఏదో ఒకనాడు ఎవరైనా చదివితే బాగుండునన్న కోరికా ఉంటుంది. ఇవి ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోవు, పక్కపక్కనే కాపురం చేస్తాయి. శామ్యూల్ పెపిస్ అనే లండన్ ఉద్యోగి 1660 నుంచి 1669 దాకా రాసిన డైరీని చూడండి. షార్ట్‌హ్యాండ్‌లో రాశాడు, ఎవరికీ అర్థం కాకుండా. ఆడవాళ్లతో వేసిన వేషాల దగ్గర ఆ జాగ్రత్త కూడా చాలదనుకుని స్పానిష్, ఫ్రెంచ్, లాటిన్ ముక్కలు కలిపి కలగాపులగం చేశాడు. ఇంత చేసినవాడు పోయేముందు కాల్చేశాడా? శుభ్రంగా బైండు చేయించి, తన మొత్తం గ్రంథాలయంతో పాటు కేంబ్రిడ్జిలోని ఒక కాలేజీకి చేరేలా ఏర్పాటు చేశాడు. ఆ షార్ట్‌హ్యాండ్ నేర్పే పుస్తకం కూడా అదే గ్రంథాలయంలో ఉంది. దాని సంగతి తెలియని ఒక కుర్ర పండితుడు మూడేళ్లు తలబద్దలు కొట్టుకుని లిపిని ఛేదించాడు, 1825లో మొదటిసారి అచ్చయింది. వేషాలతో సహా మొత్తం రావడానికి మాత్రం 1970ల దాకా ఆగాల్సి వచ్చింది. దాచడమంటే అదీ. తాళం వేసి, తాళంచెవి చేతికందే దూరంలో పెట్టడం.

నిజంగా ఎవరికీ చూపించకుండా రాసే డైరీ మాట వేరు, దానికి పరిశోధనల అండ కూడా ఉంది. 1986లో జేమ్స్ పెన్నబేకర్, శాండ్రా బీల్ కొందరు విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి రాయించారు. జరిగిందేమిటో, అప్పుడేమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఆ కాగితాల మీద పేర్లు లేవు, కింద ఎవరూ "సూపర్ అన్నా" అని రాయలేదు. మేలు చేసే పద్ధతి ఇంత చప్పగా ఉంటుంది కాబట్టే దానికి గిరాకీ లేదు.

డైరీకి మార్కులు: దాపరికం ఎక్కువే, మీరు బతికున్నంతవరకు. శ్రమ రోజుకు కాస్త. ఏడాది మొదట్లో పేజీ నిండా, రెండో నెలకు నాలుగు లైన్లు, ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ పేజీలు మీ గురించి చాలా నిజం చెబుతాయి, చూసుకోండి.

నవల: "ఇందులోని పాత్రలన్నీ కల్పితం"

పిరికివాళ్లకూ తెలివైనవాళ్లకూ నా సిఫారసు ఇదే. ఆ రెండూ ఒక్కరే కావడం మామూలే. పేరు మార్చండి, ఊరు మార్చండి, వృత్తి మార్చండి. మీరు అనాల్సి ఉండి అనలేకపోయిన మాటలన్నీ కథానాయకుడి చేత అనిపించండి. నిజజీవితంలో ఆ వాగ్వాదం జరిగిన మూడు రోజులకు, స్నానం చేస్తుండగా మీకు తోచిన జవాబు, నవలలో ఆ క్షణంలోనే దూసుకొస్తుంది. ఎదుటివాడు నోరు వెళ్లబెడతాడు. ఆత్మకథలో ఇది రాస్తే అబద్ధం, నవలలో రాస్తే శిల్పం.

అయితే కోపాల లెక్కలో నవల ఆత్మకథను మించిపోతుంది. ఆత్మకథలో పేరున్నవాళ్లకే కోపం. నవలలో పేరు లేదు కాబట్టి అందరికీ కోపమే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పిసినారి పాత్ర ఒకటి పెట్టి చూడండి, మీరు కలలో కూడా అనుకోని ముగ్గురు బంధువులు మాటలు మానేస్తారు. ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో ఆయన మాత్రం పుస్తకం చదివి, "ఆ ముసలాణ్ని భలే పట్టుకున్నావయ్యా, అచ్చం మా బావలా ఉన్నాడు" అని భుజం తడతాడు. అద్దంలో తప్ప ఎవరూ తమను పోల్చుకోలేరు, అద్దంలో కూడా ఒకవైపు నుంచే.

ఆ "పాత్రలన్నీ కల్పితం" అన్న వాక్యానికి ఒక చరిత్ర ఉంది, సొంత కథ చెప్పుకునేవాళ్లు తెలుసుకోదగ్గది. రష్యా చివరి చక్రవర్తి కుటుంబాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సాధువు రస్పుటిన్ మీద 1932లో ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. అందులో ఒక రాజకుమారి రస్పుటిన్ చేతిలో చెడిపోయినట్టు చూపించారు. అది తనేనని జనం అనుకుంటున్నారంటూ ఆ చక్రవర్తి కుటుంబానికి చెందిన ఐరీనా యూసుపోవా లండన్ కోర్టుకెక్కి, 1934లో 25,000 పౌండ్ల నష్టపరిహారం గెలిచింది. సినిమా మొదట్లో, ఈ పాత్రల్లో కొందరు ఇంకా బతికే ఉన్నారని గొప్పగా వేసుకోవడం నిర్మాతలను ఇంకా ముంచింది. అప్పటి నుంచే సినిమాలవాళ్లు "కల్పితం, కల్పితం" అని జపం మొదలుపెట్టారు. ఇందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. రస్పుటిన్‌ను చంపినవాళ్లలో ఐరీనా భర్త ఫెలిక్స్ ఒకడు. ఆ హత్య ఎలా చేశాడో 1927లో స్వయంగా పుస్తకం రాసి అచ్చేయించుకున్నాడు. సినిమాలో హత్య చేయించినందుకు వాళ్లు కోర్టుకు వెళ్లలేదు. మన కథలో నేరాలున్నా ఫర్వాలేదు, మనం చెప్పుకోవాలి అంతే.

నవల రాసే ఓపికా లేదు, ఆత్మకథకు తగ్గ పేరూ లేదు అనేవాళ్లకు ఫ్రాన్సులో మధ్యేమార్గం దొరికింది. ఆత్మకథ అనేది జీవిత చరమాంకంలో ఉన్న గొప్పవాళ్లకే దక్కే హక్కు అంటూ సెర్జ్ దుబ్రోవ్‌స్కీ అనే రచయిత 1977లో తన పుస్తకాన్ని ఆటోఫిక్షన్ అన్నాడు. సంఘటనలు నిజం, అల్లిక కల్పన. ఈ పోలికలోని రూపాలన్నిటిలో అతి సౌకర్యమైన అటక ఇదే. ఎవరైనా మెచ్చుకుంటే "అంతా నా జీవితమేనండీ" అనవచ్చు, ఎవరైనా గల్లా పట్టుకుంటే "అది కల్పన కదా, పాఠకుడిగా మీరు ఎదగాలి" అనవచ్చు. ఏ రోజుకు ఏది అవసరమో ఆ రోజు చూసుకోవచ్చు.

త్వరగా దాటిపోదగ్గవి

కవిత్వం: దాచుకోవడానికి అపారమైన చోటు. ఎంత చోటంటే, కొంతకాలానికి ఏం దాచామో మనకే గుర్తుండదు. అర్థం కాలేదన్నవాడిదే లోపం కాబట్టి రచయితకు పూచీ లేదు. కోపం తెచ్చుకునేవాళ్లు ఉండరు, "నువ్వు" అంటే తామేనని అరడజను మంది మురిసిపోయే ప్రమాదం మాత్రం ఉంది. శ్రమ తక్కువని అనుకునేవాళ్లే ఎక్కువ రాస్తారు.

వేరేవాళ్ల చేత రాయించుకోవడం: ఘోస్ట్ రైటర్లు ఉంటారు. టెన్నిస్ ఆటగాడు అగస్సీ 2009 నాటి ఆత్మకథను జె. ఆర్. మోరింగర్ రాసిపెట్టాడు. అట్ట మీద పేరు వేస్తామన్నా వద్దన్నాడు, ఇది నీ కథ అన్నాడు. మంచి రచయిత దొరికితే మీకంటే మీలా ఎక్కువ ఉంటుంది పుస్తకం. చిక్కల్లా అతను ప్రశ్నలు అడుగుతాడు. మీరు ఎక్కడ మాట మార్చారో, ఎక్కడ మంచినీళ్లు అడిగారో అన్నీ గమనిస్తాడు. లోకం నుంచి దాచడానికి అతనికి చెప్పుకోక తప్పదు. అటక మీదున్న సామానంతా తెలిసిన మనిషి ఒకడు ఊళ్లో తిరుగుతుంటాడు.

యంత్రం చేత రాయించుకోవడం: 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇదొక దారైంది. నాలుగు ముక్కలు చెబితే నలభై పేజీలు ఇస్తుంది. మీరు ఏమీ దాచక్కర్లేదు, ఎందుకంటే అందులో మీరే ఉండరు. ప్రతి కష్టం ఒక పాఠంగా, ప్రతి ఓటమి ఒక మెట్టుగా మారిపోయి వస్తుంది. మీ నాన్న అందరి నాన్నల్లాగే మౌనంగా ప్రేమిస్తాడు. మాట తప్పినప్పుడల్లా చెవి గోక్కునే అలవాటు ఆయనకుందని ఆ యంత్రానికి చెప్పడం మీరు మర్చిపోతారు, నిజానికి పుస్తకమంతా ఆ చెవి దగ్గరే ఉంది.

మాటల్లో చెప్పే పాడ్‌కాస్టులూ, వీడియోలూ కూడా ఉన్నాయి. గొంతు దాచనివ్వదు, అందుకని ఈ పోలికలో వాటికి అట్టడుగు స్థానం.

పోస్టులు: అందరూ ఒకే గదిలో

శ్రమ లెక్కన చూస్తే దీనికి సాటి లేదు. మెలకువ వచ్చిన వెంటనే, పళ్లు తోముకోకముందే ఆత్మావిష్కరణ అయిపోతుంది. ట్విట్టర్ మొదట్లో 140 అక్షరాలిచ్చింది, 2017లో 280 చేసింది. మొహం చాటేసిన స్నేహితుడి గురించి పేరెత్తకుండా బాధపడటానికి అంత చాలు.

దాపరికం దగ్గరే ఇది తన్నేస్తుంది. మామూలు జీవితంలో మనం ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా, చిన్ననాటి స్నేహితుల దగ్గర ఇంకోలా ఉంటాం. ఇది మోసం కాదు, మర్యాద. పోస్టు పెట్టగానే వీళ్లందరూ ఒకే గదిలో వచ్చి కూర్చుంటారు: పై అధికారి, అత్తగారు, పాత ప్రేమ, ఇల్లు అద్దెకిచ్చినాయన. అందరికీ ఒకేసారి చెప్పగలిగిన మాట వెతికితే దొరికేది శుభోదయం ఒక్కటే. అందుకే నిజం చెప్పాలనుకున్నవాళ్లు "కొందరు ఉంటారు" అని మొదలుపెడతారు. కొందరు ఉంటారు, నవ్వుతూనే వెన్నుపోటు పొడుస్తారు. కొందరు ఉంటారు, అవసరం తీరాక గుర్తుపట్టరు. ఆ "కొందరు" వచ్చి మొట్టమొదటి లైకు కొట్టి వెళ్తారు.

దీనికి విరుగుడుగా 24 గంటల్లో మాయమయ్యే స్టోరీలు వచ్చాయి, 2013లో స్నాప్‌చాట్‌లో, 2016లో ఇన్‌స్టాగ్రామ్‌లో. రాత్రి పెట్టిన గుండెకోత మర్నాటి రాత్రికి ఉండదు. స్క్రీన్‌షాట్ తీసినవాడి దగ్గర తప్ప. పెపిస్ డైరీకి నూట యాభై ఏళ్ల పైచిలుకు కాపలా దొరికింది, మీకు ఒక్క రోజు హామీ కూడా లేదు. మారుపేరుతో ఖాతా తెరుచుకునేవాళ్లూ ఉన్నారు. రెండు నెలలు స్వేచ్ఛగా రాస్తారు. మెచ్చుకోళ్లు మొదలవగానే, ఇంత బాగా రాస్తున్నది తనేనని ఎవరికీ తెలియకపోవడం భరించలేక తామే బయటపడతారు.

ఎవరికి ఏది

పగ తీర్చుకోవాలనుకునేవాళ్లు నవల ఎంచుకోండి, కాకపోతే శత్రువుకు ఒక మంచి గుణం పెట్టండి. పూర్తి దుర్మార్గుణ్ని చూడగానే పాఠకుడికి రచయిత మీద అనుమానం వస్తుంది. పైగా ఆ ఒక్క మంచి గుణాన్ని చూసి శత్రువు అది తను కాదనుకుంటాడు, గొడవ ఉండదు.

పేరు కావాలనుకునేవాళ్లకు ఆత్మకథ. సంతకాల దగ్గర మాత్రం జాగ్రత్త: పుస్తకంలో ఉన్నవాళ్లకు ఉచిత ప్రతి ఇవ్వకండి. డబ్బు పెట్టి కొన్నవాడు పూర్తిగా చదువుతాడు, ఉచితంగా తీసుకున్నవాడు తన పేరున్న పేజీ ఒక్కటే చదువుతాడు. రెండోవాడితోనే మనకు ఇబ్బంది.

మనసులో నిజంగానే భారం ఉండి, దించుకోవడం తప్ప ఇంకేమీ అక్కర్లేనివాళ్లు ఈ పోలికంతా చదవాల్సిన పనే లేదు. నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాసుకోండి. ఆ తర్వాత ఎవరికీ పంపకండి. అర్ధరాత్రి రాసింది అర్ధరాత్రే ఫోటో తీసి పంపాలనిపిస్తుంది, ఫోను వేరే గదిలో పెట్టండి.

పిల్లల కోసం, మనవల కోసం రాస్తున్నామనేవాళ్లు నిజంగా వాళ్లకోసమే రాస్తున్నారా అన్నది తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీ విజయాలున్న అధ్యాయాలు పక్కన పెట్టి చూడండి. రాత్రిళ్లు నిద్ర పట్టక ఏమాలోచించేవారో, ఏ నిర్ణయానికి ఎందుకు భయపడ్డారో, అవీ మిగిలితే వాళ్లకోసమే. ఏమీ మిగలకపోతే అది బయోడేటా, కాస్త వచనం కలిపారంతే. అదీ తప్పు కాదు, కాకపోతే రెండు పేజీల్లో అయిపోయేది.

ఇంకా ఎటూ తేలనివాళ్లకు ఒక చిట్కా. కథ రాయకముందే, అందులో ఏమేం చెప్పకూడదో ఒక కాగితం మీద రాసుకోండి. పొట్టి పొట్టి మాటల్లో, మీకు మాత్రమే అర్థమయ్యేలా. అర పేజీ వస్తే ఆత్మకథకు మీరు సిద్ధం. నాలుగైదు పేజీలు వస్తే నవల. చెప్పదలచుకున్న కథకంటే చెప్పకూడనిది పెద్దదైపోతే ఆ కాగితమే మీ అసలు పుస్తకం, దాన్ని ఏ రూపంలో రాస్తారో తర్వాత ఆలోచించవచ్చు. కాగితం ఖాళీగా ఉండిపోయి, దాచడానికి నాకేమీ లేదు అనిపిస్తే, దాన్ని ఒకసారి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. వాళ్లు నింపి ఇస్తారు.